మూవింగ్ లైట్లను పాటతో కలపడం: లెక్క నుంచి వేదిక దాకా

కడప, ప్రొద్దుటూరు ప్రాంతాల ఫంక్షన్ హాళ్లలో సంగీత్ కార్యక్రమానికి ఎనిమిది షార్పీలు (తల తిప్పుతూ సన్నని కిరణాన్ని విసిరే మూవింగ్ లైట్లు) కట్టడం ఇప్పుడు మామూలు విషయమే. లైట్లు ఉంటాయి, వాటిని నడిపే ల్యాప్‌టాప్ ఉంటుంది, పాట కూడా బాగానే ఉంటుంది. అయినా లైట్లు ఒక దారిన, పాట మరొక దారిన పోతున్న వేదికలే ఎక్కువ. లైటు లోపలి మైకు శబ్దాన్ని విని తనంతట తాను కదిలే సౌండ్ యాక్టివ్ పద్ధతి ఇందుకు పరిష్కారం కాదు. దెబ్బ వినపడిన తరువాత గాని ఆ లైటు కదలడం మొదలుపెట్టదు కాబట్టి, అది పాట వెనకే పరుగెత్తుతూ ఉంటుంది.

ఇలాంటి లైటుకు, అంటే మూవింగ్ హెడ్‌కు, బరువైన తల, దాన్ని తిప్పే మోటారు ఉన్నాయి. వెలుగు క్షణంలో వస్తుంది గాని తల క్షణంలో తిరగదు. అందువల్ల వెలుగు బీట్ మీద పడాలంటే తల ఆ బీట్ కంటే ముందే బయలుదేరాలి. ఎంత ముందు అన్నది కొలిచి, లెక్క వేసి, సాఫ్ట్‌వేర్‌లో నమోదు చేయడమే ఈ పని మొత్తం. ఇక్కడి ఉదాహరణలకు ఉచితంగా దొరికే లైటింగ్ సాఫ్ట్‌వేర్ క్యూఎల్‌సీ ప్లస్‌ను తీసుకుంటున్నాను. ఎవొలైట్స్, గ్రాండ్ ఎంఏ లైటింగ్ బోర్డుల మీద పనిచేసేవారికి బటన్ల పేర్లు మారతాయి గాని లెక్కలు మారవు.

ముందు పాటను తేల్చుకోవాలి

సాఫ్ట్‌వేర్ తెరవకముందే తుది ఆడియో ఫైలు చేతికి రావాలి. సంగీత్ కార్యక్రమాల్లో నాలుగైదు పాటల ముక్కలు కలిపి డ్యాన్స్ మాస్టరు ఒక ఫైలు తయారుచేస్తారు. అది ‘ఫైనల్’ పేరుతో ఒకసారి, ‘ఫైనల్ 2’ పేరుతో మరొకసారి వాట్సాప్‌లో వస్తుంది. మధ్యలో రెండు సెకన్లు కోసినా ఆ తరువాతి క్యూలన్నీ (లైట్లు మారాల్సిన చోట్లన్నీ) రెండు సెకన్లు తప్పుతాయి. కాబట్టి ఫైలు నిడివిని మిల్లీసెకన్లతో సహా రాసుకుని, డీజే దగ్గర ఉన్నదీ మీ దగ్గర ఉన్నదీ ఒకటేనని కార్యక్రమానికి ముందు పోల్చి చూసుకోవాలి. వాట్సాప్‌లో పంపేటప్పుడు ఆడియోగా కాక డాక్యుమెంటుగా పంపమని అడగండి. ఎంపీ3 కంటే వేవ్ ఫైలు మేలు. ఎంపీ3గా మార్చేటప్పుడు పాట మొదట్లో కొద్దిపాటి నిశ్శబ్దం చేరుతుంది, అది సుమారు 25 మిల్లీసెకన్లు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ ఉండవచ్చు. ఒక సాఫ్ట్‌వేర్ దాన్ని తీసేసి వినిపిస్తే మరొకటి అలాగే వినిపిస్తుంది.

తరువాత పాటను ఆడాసిటీ అనే ఆడియో ఎడిటర్‌లో తెరిచి, వింటూ వింటూ కంట్రోల్, ఎమ్ కలిపి నొక్కితే ఆడుతున్న చోట ఒక లేబుల్ పడుతుంది. పల్లవి ఎత్తుగడ, చరణం, మధ్యలో వచ్చే బిట్టు, చప్పుడంతా ఆగిపోయే చోటు, మళ్లీ అందుకునే చోటు, ఇలా ముఖ్యమైన మలుపులకు మాత్రమే లేబుళ్లు పెట్టండి. వేలితో కొట్టిన లేబుల్ ఎప్పుడూ ఇటో అటో ఉంటుంది. తరంగాన్ని పెద్దది చేసి, దెబ్బ లేచే నిలువు గీత దగ్గరకు లేబుల్‌ను జరపాలి. ఈ పని విసుగుగా ఉంటుంది గాని తరువాతి లెక్కలన్నీ దీని మీదే నిలుస్తాయి.

ఇప్పుడు పాట వేగం. నిమిషానికి ఎన్ని బీట్లో తెలిస్తే 60,000ను ఆ సంఖ్యతో భాగించగా ఒక బీట్ ఎన్ని మిల్లీసెకన్లో వస్తుంది. 120 బీట్ల పాటకు 500, 96 బీట్ల పాటకు 625. 128 బీట్ల పాటకు వచ్చేది 468.75, ఇక్కడే జాగ్రత్త అవసరం. సాఫ్ట్‌వేర్ పూర్ణసంఖ్యలనే తీసుకుంటుంది కాబట్టి 469 వేస్తారు. లేదా ‘దగ్గరదగ్గరగా’ అనుకుని 470 వేస్తారు. నాలుగు నిమిషాల పాటలో 512 బీట్లు ఉంటాయి. 469 వేస్తే చివరికి 128 మిల్లీసెకన్ల తేడా వస్తుంది, 470 వేస్తే 640 మిల్లీసెకన్లు, అంటే ఒక బీట్ కంటే ఎక్కువే తప్పిపోతుంది. మొదటి చరణంలో చక్కగా ఉన్న లైట్లు చివరి పల్లవికి వచ్చేసరికి ఎదురు తాళం వేయడానికి చాలాసార్లు ఇదే కారణం.

దీనికి మందు సులువైనదే. 128 బీట్ల వేగంలో 32 బీట్లకు సరిగ్గా 15 సెకన్లు పడుతుంది. పాట మొత్తానికి ఒకే ఛేజర్‌ను (లైట్ల అమరికలు ఒకదాని తరువాత ఒకటి మారే వరుసను) పరుగెత్తించకుండా, 32 బీట్ల ముక్కలుగా పెట్టి, ప్రతి 15 సెకన్లకూ దాన్ని కొత్తగా మొదలుపెట్టండి. అప్పుడు ఒక ముక్కలో పేరుకునే తప్పు 8 మిల్లీసెకన్లను దాటదు, అది ఎవరి కంటికీ ఆనదు.

లైటును కొలవాలి

కరపత్రంలో ‘పాన్ 540 డిగ్రీలు, టిల్ట్ 270 డిగ్రీలు’ అని రాసి ఉంటుంది. పాన్ అంటే తల పక్కలకు తిరగడం, టిల్ట్ అంటే పైకీ కిందికీ వాలడం. మనకు కావలసింది మాత్రం ఎంత సేపట్లో తిరుగుతుంది అన్న సంగతి. ఒకే కంపెనీ ఒకే మోడల్ లైట్లలో కూడా పాతవీ కొత్తవీ ఒకే వేగంతో తిరగవు, కనుక కొలవడం తప్ప దారి లేదు.

ముందుగా ప్రతి లైటుకూ డీఎంఎక్స్ (సాఫ్ట్‌వేర్ ఆజ్ఞలను లైట్లకు చేర్చే పద్ధతి) అడ్రసు ఇవ్వాలి. ఒక డీఎంఎక్స్ లైనులో 512 ఛానళ్లు ఉంటాయి. లైటు 16 ఛానళ్ల మోడ్‌లో ఉంటే అడ్రసులు 1, 17, 33, 49 అలా సాగుతాయి. లైటు తెర మీద ఉన్న మోడ్, సాఫ్ట్‌వేర్‌లో ఎంచుకున్న మోడ్ ఒకటే కావాలి. చాలా లైట్లలో పాన్, టిల్ట్ వేగానికి వేరే ఛానల్ ఉంటుంది. దాన్ని అన్నిటికంటే వేగవంతమైన విలువ దగ్గర ఉంచండి. ఎక్కువ లైట్లలో అది సున్నా. అది మరచిపోయి, లైట్లు మొద్దుబారాయని వాపోయేవారిని చూస్తుంటాం.

ఇప్పుడు రెండు స్థానాలు తయారుచేయండి: ఒకటి ఆకాశం వైపు, మరొకటి వేదిక మధ్యకు. ఫోనులో సెకనుకు 240 ఫ్రేముల స్లో మోషన్ పెట్టి, ఒక స్థానం నుంచి మరొక స్థానానికి లైటు దూకేటప్పుడు చిత్రీకరించండి. ఒక్కొక్క ఫ్రేము సుమారు 4 మిల్లీసెకన్లు. తల కదలడం మొదలైన ఫ్రేము నుంచి పూర్తిగా నిలిచిన ఫ్రేము దాకా లెక్కపెడితే ప్రయాణ సమయం తేలుతుంది. నిలిచిన తరువాత తల ఒకసారి ఊగుతుంది, ఆ ఊపు తగ్గేదాకా ప్రయాణం పూర్తయినట్టు కాదు. ఎనిమిదింటిలో అన్నిటికంటే నెమ్మదైన లైటు ఏదో దాని సమయాన్నే అన్నిటికీ ప్రమాణంగా పెట్టుకోవాలి.

ఉదాహరణకు ఆ ప్రయాణానికి 1.1 సెకన్లు పట్టిందనుకుందాం. 128 బీట్ల పాటలో అది రెండున్నర బీట్లకు కాస్త తక్కువ. కాబట్టి మూడు బీట్ల ముందు బయలుదేరదీస్తే సుమారు 300 మిల్లీసెకన్ల వెసులుబాటుతో తల వచ్చి నిలుస్తుంది.

పాన్ ఛానల్‌తో పాటు, ఇంకా సన్నని మెట్లు ఇచ్చే పాన్ ఫైన్ ఛానల్‌ను కూడా వాడే మోడ్‌నే ఎంచుకోండి. ఒక్క ఛానల్‌తో 540 డిగ్రీలను 255 మెట్లుగా కోస్తే ఒక్కో మెట్టు 2 డిగ్రీల పైమాటే; 20 మీటర్ల దూరంలో ఆ మెట్టు ముప్పావు మీటరు గెంతుగా కనిపిస్తుంది. వేగంగా తిరిగేటప్పుడు అది తెలియదు గాని, మంగళవాద్యానికో నెమ్మదైన ఆలాపనకో లైటును మెల్లగా జరిపితే మెట్లు మెట్లుగా దిగడం బాగా తెలుస్తుంది.

కదలిక, వెలుగు, రంగు వేరువేరుగా ఉండాలి

కొత్తగా నేర్చుకునేవారు ఒక సీన్‌లోనే స్థానం, రంగు, గోబో (కిరణంలో బొమ్మ చూపే పలక), వెలుగు అన్నీ కలిపి దాచి, అలాంటి సీన్లను ఒకదాని వెనుక ఒకటి పేర్చుతారు. అప్పుడు తల తిరుగుతున్నంత సేపూ లైటు వెలుగుతూనే ఉంటుంది, రంగుల చక్రం తిరిగేటప్పుడు మధ్యలోని రంగులన్నీ కనిపిస్తాయి, బీట్ మీద ఏదో పడింది అన్న భావన ఎవరికీ కలగదు. స్థానాలకు ఒక వరుస, వెలుగును ఒక్కసారిగా మూసి తెరిచే షట్టరు, వెలుగును పెంచి తగ్గించే డిమ్మరులకు ఒక వరుస, రంగు, గోబోలకు మరొక వరుస కట్టి ఉంచితే, ఒకదాన్ని చీకట్లో ముందే కదిపి మరొకదాన్ని సరిగ్గా బీట్ మీద వదలవచ్చు.

ఎత్తుగడకు ముందు మూడు బీట్లు తీసుకోండి. మొదటి బీట్ మీద షట్టరు మూసుకుంటుంది. ఆ చీకట్లోనే తల కొత్త స్థానానికి, రంగుల చక్రం కొత్త రంగుకు బయలుదేరుతాయి. మూడు బీట్లూ అయిపోయి పల్లవి మొదటి దెబ్బ పడగానే షట్టరు ఒక్కటే తెరుచుకుంటుంది. ప్రేక్షకుడికి తిరగడం ఏదీ కనబడదు, దెబ్బ పడినచోట ఎనిమిది కిరణాలు నిలిచి ఉండడమే కనబడుతుంది. 1885లో ఇదే కడప జిల్లాలోని సురభి గ్రామంలో పుట్టిన సురభి నాటక సమాజం తెర వెనుక తాళ్లతో చూపిన చమత్కారాలకు ఇప్పటికీ పేరుంది. తాడు పట్టుకున్న మనిషి పద్యం ముగిసే చోటును ముందే పసిగట్టి చేయి సిద్ధం చేసుకోవాలి. మనం సాఫ్ట్‌వేర్‌కు నేర్పుతున్నది కూడా ఆ పనే.

మూడు బీట్ల చీకటి ఎక్కువ అనిపిస్తే ఆ సమయంలో వేదిక మీది పార్ లైట్లను (కదలకుండా రంగు పరిచేవాటిని) వెలిగించి ఉంచవచ్చు. నా మటుకు నేను చీకటినే ఇష్టపడతాను. పాటలో చప్పుడు ఆగే చోట లైట్లు కూడా ఆగితేనే తరువాతి దెబ్బకు బలం వస్తుంది.

వలయాలు, అలలు

క్యూఎల్‌సీ ప్లస్‌లో లైట్లను వలయంగానో, ఎనిమిది అంకె ఆకారంలోనో, గీతగానో తిప్పడానికి ఈఎఫ్ఎక్స్ అనే ఫంక్షన్ ఉంది. అందులో ఆకారం, వెడల్పు, ఎత్తు, ఒక చుట్టుకు పట్టే వ్యవధి, ఒక్కొక్క లైటుకూ మొదలయ్యే కోణం ఇస్తాం. పాటతో కలపడానికి పనికొచ్చేవి చివరి రెండు.

వ్యవధిని ఎప్పుడూ బీట్ల గుణిజంగానే పెట్టాలి. 128 బీట్ల పాటలో 4 బీట్ల చుట్టు 1875 మిల్లీసెకన్లు, 8 బీట్ల చుట్టు 3750. రెండూ పూర్ణసంఖ్యలే కాబట్టి జారిపోవడం ఉండదు. ఇప్పుడు 8 బీట్ల చుట్టును తీసుకుని, ఎనిమిది లైట్లకూ మొదలయ్యే కోణాలను 0, 45, 90, 135 అంటూ 315 దాకా ఇవ్వండి. 3750ను ఎనిమిదితో భాగిస్తే వచ్చేది 468.75, అంటే సరిగ్గా ఒక బీట్. అందువల్ల ప్రతి బీట్‌కూ ఒక లైటు పైకొసకు చేరుతుంది, తరువాతి బీట్‌కు దాని పక్కది చేరుతుంది, ఎనిమిదో బీట్ అయ్యేసరికి అల వేదిక ఈ కొస నుంచి ఆ కొసకు నడిచి ఉంటుంది. లైటు నెమ్మదిగానే తిరుగుతున్నా చూసేవారికి ప్రతి దెబ్బా లైట్లలో కనిపిస్తుంది. లైట్లు ఆరే ఉంటే చుట్టును 6 బీట్లకు, కోణాన్ని 60 డిగ్రీలకు మార్చాలి. 4 బీట్ల ఆవర్తంలో సాగే పాటకు ఆరు లైట్ల అల పన్నెండు బీట్లకొకసారి గాని మొదటి దెబ్బతో కలవదు, కనుక అక్కడ లైట్లను మూడేసి రెండు జట్లుగా విడదీసి ఎదురెదురుగా ఊపడం మేలు.

లైట్లు సగం ఎడమకు, సగం కుడికి కట్టి ఉంటే ఒక వైపు వాటికి దిశను తిరగవేస్తే రెండు వైపులా అద్దంలో చూసినట్టు కదులుతాయి. కుడి నాలుగింటి కోణాలను, అద్దంలో ఎదురుపడే జతలను బట్టి, నడిపి చూసి సరిచేసుకోవాలి.

మోటారు శక్తిని మించి అడగకూడదు. ఊపు మొత్తం ఎన్ని డిగ్రీలో దాన్ని 3.14తో గుణించి, చుట్టు వ్యవధి ఎన్ని సెకన్లో దానితో భాగిస్తే తలకు కావలసిన గరిష్ఠ వేగం వస్తుంది. 60 డిగ్రీల ఊపు 3.75 సెకన్లలో అయితే సెకనుకు 50 డిగ్రీలు చాలు. అదే ఊపును ఒక్క బీట్‌లో ముగించమంటే సెకనుకు 400 డిగ్రీలు కావాలి. టిల్ట్ 270 డిగ్రీలు తిరగడానికి ఒకటిన్నర సెకను తీసుకునే లైటు సగటు వేగం సెకనుకు 180 డిగ్రీలే. అది ఆ ఊపును పూర్తిచేయలేదు, మధ్యలోనే తిరిగి వచ్చేస్తుంది, దూరం నుంచి చూస్తే వణుకుతున్నట్టు ఉంటుంది. వేగం చాలనప్పుడు ఊపును తగ్గించండి, బీట్లను పెంచండి. వేగవంతమైన చప్పుళ్లకు తలలను తిప్పే బదులు షట్టరును కొట్టించడమే ఎప్పుడూ మంచి దారి.

ఇంకొక సవరణ మిగిలింది. తిరుగుతున్న తల సాఫ్ట్‌వేర్ ఇచ్చిన ఆజ్ఞ కంటే కొంత వెనకగా నడుస్తుంది. స్లో మోషన్‌లో ఆ వెనుకబాటు 120 మిల్లీసెకన్లుగా తేలితే, 3750 మిల్లీసెకన్ల చుట్టులో అది సుమారు 12 డిగ్రీలు. మొదలయ్యే కోణాలన్నిటినీ అంత ముందుకు జరపవచ్చు, లేదా టైమ్‌లైన్‌లో ఆ ముక్కనే 120 మిల్లీసెకన్ల ముందు పెట్టవచ్చు. రెండోదే సులువు.

టైమ్‌లైన్ మీద పేర్చడం

క్యూఎల్‌సీ ప్లస్‌లోని షో మేనేజర్‌లో (టైమ్‌లైన్ పేజీలో) కొత్త షో తెరిచి మొదటి ట్రాకులో ఆడియోను ఉంచండి. దాని మీద కుడి బటన్ నొక్కి తరంగాన్ని కనిపించేలా చేసుకోవచ్చు. కాల విభాగాన్ని సమయం నుంచి 4/4 బీట్లకు మార్చి, పాట వేగం ఇచ్చి, గీతలకు అతుక్కునే సదుపాయం వేసుకుంటే ముక్కలు బీట్ల మీదే కూర్చుంటాయి. అయితే పాట ఫైలు మొదటి దెబ్బతోనే మొదలవ్వాలని లేదు. ముందు అర సెకను నిశ్శబ్దం ఉంటే గీతలన్నీ అర సెకను తప్పుతాయి. ఆ నిశ్శబ్దాన్ని ఆడాసిటీలో కోసి, అదే ఫైలును డీజేకు కూడా ఇవ్వాలి.

కింది ట్రాకుల్లో కదలిక, వెలుగు, రంగు వరుసలను వేరువేరుగా పెట్టండి. వెలుగు ముక్కలు గీత మీద ఉంటాయి, స్థానాల ముక్కలు గీతకు మూడు బీట్ల ముందు ఉంటాయి, ఈఎఫ్ఎక్స్ ముక్కలు వెనుకబాటును బట్టి కొంచెం ముందుకు జరిగి ఉంటాయి. ముందు మలుపులకు మాత్రమే క్యూలు పెట్టి పాటను ఒకసారి పూర్తిగా నడిపి చూడండి. అప్పుడు ఖాళీగా అనిపించిన చోట్ల మాత్రమే నింపితే చాలు. ప్రతి బీట్‌కూ ఏదో ఒకటి జరగాలన్న పట్టుదల ఉన్న షోలో అసలైన దెబ్బ ఏదో తెలియకుండా పోతుంది.

పాట ఎవరు ఆడిస్తారన్నది కూడా ముందే తేలాలి. లైట్ల ల్యాప్‌టాప్ నుంచే ఆడియోను మిక్సరుకు ఇస్తే రెండూ కలిసే నడుస్తాయి. డీజేయే ఆడిస్తానంటే, బోర్డు తీసుకోగలిగినది అయితే, స్టీరియో ఫైలులో ఒక వైపు పాటను, మరొక వైపు ఎల్‌టీసీ టైమ్‌కోడ్‌ను (పాట ఎక్కడ ఉందో బోర్డుకు చెప్పే శబ్ద సంకేతాన్ని) ఉంచి, టైమ్‌కోడ్ వైపును స్పీకర్లకు పోకుండా బోర్డుకు మాత్రమే ఇస్తారు. టైమ్‌కోడ్ లేకుండా డీజే వేగం మీట 2 శాతం పైకి జరిపితే నాలుగు నిమిషాల పాట 4.7 సెకన్ల ముందే అయిపోతుంది. ఈ సంగతి ఆయనకు మర్యాదగా ముందే చెప్పి ఉంచండి.

టైమ్‌లైన్ పనికిరాని చోట

కోలాటం, చెక్కభజన లాంటివి ఎదురుగా పాడి ఆడేవి. తాళం గురువు చేతిలో ఉంటుంది, నెమ్మదిగా ఎత్తుకున్న పాట చివరికి బాగా వేగం అందుకుంటుంది. ముందే నమోదు చేసిన షో ఇక్కడ నిలవదు. వర్చువల్ కన్సోల్‌లో (బటన్లు మనమే అమర్చుకునే తెర మీద) స్పీడ్ డయల్ పెట్టి, దానికి ఈఎఫ్ఎక్స్‌నూ ఛేజర్‌నూ తగిలించి, ట్యాప్ బటన్‌తో వేగాన్ని ఇస్తూ పోవాలి. స్పీకరును విని కాక, గురువు చేతి తాళాలను కళ్లతో చూస్తూ కొట్టండి. వేగం మారబోతున్నదని ఆ చేయి ముందే చెబుతుంది.

తిశ్రగతిలో (మూడేసి లెక్కన) సాగే పాటకు నాలుగు మెట్ల ఛేజర్ వేస్తే ఎప్పటికీ కుదరదు, మూడు మెట్లదో ఆరు మెట్లదో వేయాలి. కర్రలు తగిలే దెబ్బకు షట్టరును ఇచ్చి, తలలను నెమ్మదైన పెద్ద వలయంలో వదిలేస్తే వేగం కొంత ఇటూ అటూ అయినా తప్పు కనబడదు.

హాల్లోనూ మైదానంలోనూ

ఆరుబయట ధ్వని సెకనుకు సుమారు 350 మీటర్లే నడుస్తుంది కాబట్టి 30 మీటర్ల వెనుక కూర్చున్నవారికి దెబ్బ 85 మిల్లీసెకన్ల ఆలస్యంగా వినిపిస్తుంది, వెలుగు మాత్రం అప్పుడే కనిపిస్తుంది. టీవీ ప్రసారాల కోసం అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ ఇచ్చిన బీటీ.1359 సిఫారసు ప్రకారం, శబ్దం చిత్రం కంటే 45 మిల్లీసెకన్లు ముందుంటే మనిషి పసిగడతాడు, వెనుకుంటే 125 దాకా పసిగట్టడు. కనుక ఎటూ తేలనప్పుడు వెలుగు కాస్త ముందున్నా పరవాలేదు గాని వెనకబడకూడదు. కొలవడానికి సెకనుకొక టిక్కు, దానితో పాటు ఒక మెరుపు ఉండే చిన్న షో తయారుచేసి, ముందు వరుసలో నిలబడి ఫోనుతో చిత్రీకరించి చూడండి. తేడా ఎంత తేలితే షో మొత్తాన్ని అంత జరపాలి. ఈ పరీక్షలో బ్లూటూత్ స్పీకరు వాడితే కొలత మొత్తం చెడుతుంది.

మే నెలలో కడప ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, చాలా లైట్లకు తయారీదారులు చెప్పే పరిమితి కూడా 40 డిగ్రీలే. ట్రస్‌ను (లైట్లు వేలాడదీసే చట్రాన్ని) మధ్యాహ్నం కట్టినా ల్యాంపులను సాయంత్రమయ్యాకే వెలిగించండి. డిశ్చార్జి ల్యాంపు ఒకసారి ఆరితే చల్లారేదాకా మళ్లీ అంటుకోదు, అందుకని పాటల మధ్య షట్టరు మూయాలే తప్ప ల్యాంపును ఆపకూడదు. ఎండకు ఎండిన లైట్లు స్థానం తప్పడం కూడా ఉంటుంది. కార్యక్రమానికి ముందు అన్నిటినీ రీసెట్ చేసి, వేదిక మధ్య స్థానాన్ని మళ్లీ సరిచూసుకోవాలి. డీఎంఎక్స్ లైను చివరి లైటుకు సంకేతం వెనక్కి తిరిగి రాకుండా ఆపే 120 ఓముల టెర్మినేటరు తగిలించండి. అది లేక లైట్లు ఉలిక్కిపడుతుంటే టైమింగ్ చెడిందని అనుకుని సాఫ్ట్‌వేర్‌లో వెతుకుతూ కూర్చుంటారు.

పెళ్లిళ్లలో ముందు వరుసలో పెద్దవాళ్లు, పసిపిల్లలు ఉంటారు. తలలు తిరిగే దారి ఎక్కడా వాళ్ల కళ్ల మీదుగా పోకుండా టిల్ట్ పరిమితిని లైటులోనే బిగించాలి. స్ట్రోబ్‌ను సెకనుకు నాలుగు మెరుపులకు మించకుండా, అదీ కొద్ది సెకన్లు మాత్రమే వాడాలి.

చివరగా, వర్చువల్ కన్సోల్‌లో ఒక పేజీని చేతితో నడపడానికి సిద్ధంగా ఉంచండి: నాలుగు స్థానాలు, రెండు ఈఎఫ్ఎక్స్‌లు, ట్యాప్ బటన్, బ్లాకౌట్. పెళ్లికొడుకు మేనమామ వేదికెక్కి పాటను మధ్యలో ఆపి మళ్లీ మొదటి నుంచి పెట్టమన్నప్పుడు టైమ్‌లైన్‌ను ఆపేసి ఆ పేజీకి రండి. డీజే పాటను మళ్లీ మొదలుపెట్టే ముందు మీ వైపు చూసి చేయెత్తేలా మాట్లాడుకుని ఉంటే, ఆ సైగకు షోను మొదటి నుంచి వదలవచ్చు.